ఇంటి యజమాని సంతకం

2023 అక్టోబరు మొదటి వారంలో ఒక రాత్రి మా అబ్బాయి జర్మనీ నుంచి ఫోను చేసి, అక్కడి వాన గురించీ ఇక్కడి దసరా సెలవుల గురించీ కాసేపు మాట్లాడి, ఇక పెట్టేస్తాడని నేను అనుకుంటున్న సమయంలో, "అమ్మా, మన మేడ మీద అద్దెకున్నవాళ్ళు వచ్చి ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే నువ్వు వెంటనే పెడతావా, నాలుగు రోజులు తిప్పుతావా?" అని అడిగాడు. పెడతాను, పెట్టక ఏం చేస్తాను అని జవాబు చెప్పాను. అలా చెబుతున్నప్పుడు నా ఎదుట బల్ల మీద, పాత దినపత్రికల దొంతర కింద, మేడ మీద కొత్తగా దిగిన ఉగాండా అమ్మాయి ఇచ్చిన పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు వారం రోజులుగా పడి ఉన్నాయి.

మా వాడికి కావలసిన కాగితం పేరు వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్. ఆ మాట పలకడం నాకు రెండు రోజులకు గానీ రాలేదు. అర్థం మాత్రం చిన్నదే. ఫలానా మనిషి ఫలానా తేదీ నుంచి నా ఇంట్లో ఉంటున్నాడని ఇల్లు ఇచ్చినవారు రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. 2015 నవంబరు నుంచి జర్మనీలో ఇది తప్పనిసరి. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ఆ కాగితం పట్టుకుని ఊరి కార్యాలయానికి వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. మా వాడు దిగిన గదిని అసలు అద్దెదారు ఒకడు యజమానికి చెప్పకుండా మళ్ళీ అద్దెకు ఇచ్చాడు కనుక, సంతకం పెడితే తన గుట్టు బయటపడుతుందని వాడు ఆ కాగితం ఇవ్వనన్నాడు. డబ్బు తీసుకునేటప్పుడు అడ్డురాని యజమాని అనుమతి, కాగితం ఇచ్చేటప్పుడు అడ్డువచ్చింది.

చిరునామా నమోదు కాకపోతే ఏమవుతుందో మా వాడు ఆ రాత్రి వరసగా చెప్పుకుపోయాడు. వాడు వెళ్ళిన బ్యాంకులో ఖాతా తెరవాలంటే నమోదు పత్రం చూపించాలి. ఖాతా లేకపోతే మేము ఇక్కడి నుంచి ముందే కట్టిన సొమ్ము చేతికి రాదు. వీసా కొన్ని నెలలదే కాబట్టి, ఆ గడువులోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. దానికి మళ్ళీ అదే నమోదు పత్రం, ఆరోగ్య బీమా, విశ్వవిద్యాలయంలో చేరిన పత్రం అన్నీ కావాలి. ఇన్నింటికీ మొదట్లో ఉన్న ముడి ఒక్కటే, ఇంటి యజమాని సంతకం. అది విడితే మిగిలినవన్నీ వరసగా విడిపోతాయి.

ఇతర దేశాలలో చదివే విద్యార్థుల కష్టాల గురించి ఎవరు మాట్లాడినా చలి, తిండి, భాష, ఇంటి మీద బెంగ అనే నాలుగింటి దగ్గరే ఆగిపోతారు. అవి అబద్ధమని నేను అనను. కానీ ఆ నాలుగింటి గురించి బంధువులలో ఎవరో ఒకరు ముందే హెచ్చరిస్తారు. ఉన్ని దుస్తులూ పచ్చడి సీసాలూ సర్ది పంపిస్తారు. ఒక కాగితం లేనిదే ఇంకో కాగితం పుట్టదని, ఆ మొదటి కాగితం మనకు ముక్కూ మొహం తెలియని ఒక ఇంటివారి దయ మీద ఆధారపడి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పరు. నేను ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని, పైగా ఇల్లు అద్దెకిచ్చే మనిషిని. ఈ రెండు హోదాల్లోనూ నేను బల్లకు ఏ వైపున కూర్చున్నానో నాకు తెలుసు కనుకనే ఇది రాస్తున్నాను.

మాది మదనపల్లె. ఉద్యోగం బెంగుళూరుకు బదిలీ అయిన తరువాత ఇక్కడే స్థిరపడ్డాం. హెణ్ణూరు రోడ్డుకు కాస్త లోపలగా మా మామగారు కొన్న స్థలంలో ఇల్లు కట్టుకుని, మేడ మీద రెండు గదుల వాటాను అద్దెకిస్తున్నాం. మా వీధిలో మూడు రకాల తెలుగు వినిపిస్తుంది: తరాలుగా ఇక్కడే ఉన్న రెడ్ల కన్నడం కలిసిన తెలుగు, మా చిత్తూరు వైపు తెలుగు, కంప్యూటరు ఉద్యోగాలకు వచ్చిన కోస్తావారి తెలుగు. ఇంటింటా ఒకరో ఇద్దరో పిల్లలు అమెరికాలోనో జర్మనీలోనో ఉన్నారు. చుట్టుపక్కల కాలేజీలు ఎక్కువ కావడం వలన కమ్మనహళ్ళి నుంచి కొత్తనూరు దాకా ఆఫ్రికా దేశాల విద్యార్థులూ నేపాలీలూ గదులు వెతుక్కుంటూ తిరుగుతుంటారు. సాయంకాలం నడకలో మేము మా పిల్లలకు అక్కడ ఇల్లు దొరకడం లేదని చెప్పుకుని బాధపడుతూ ఉంటే, ఆ పక్కనే వీళ్ళు 'టు లెట్' బోర్డులు చదువుకుంటూ వెళుతుంటారు. ఈ రెండు దృశ్యాలనూ కలిపి చూడడానికి నాకు చాలా కాలం పట్టింది.

2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం మన దేశంలో చదువుతున్న విదేశీ విద్యార్థులు 46,878 మంది. అందులో నేపాల్ వారే 28 శాతం. 2023–24 శీతాకాల సెమిస్టరులో ఒక్క జర్మనీలోనే మన విద్యార్థులు 49 వేలకు పైగా ఉన్నారు. అంతకు ముందు ఏడాదే చైనా విద్యార్థులను దాటి మనవాళ్ళు అక్కడి విదేశీ విద్యార్థులలో మొదటి స్థానానికి చేరుకున్నారు. అంటే ప్రపంచం మొత్తం మన దగ్గరికి పంపే పిల్లల కంటే మనం ఒక్క దేశానికి పంపే పిల్లలే ఎక్కువ. ఇన్ని వేలమంది తల్లిదండ్రులు అద్దె ఇళ్ళ గురించి అక్కడివారిని తిట్టుకుంటూ ఉండగా, ఇక్కడికి వచ్చిన కొద్దిమందికీ మనం ఏ పాటి ఇల్లు ఇస్తున్నామో నా మాటల్లోనే చెబుతాను.

ఇల్లు చూపించే బ్రోకరు ముందుగా ఫోను చేసి, "ఫారినర్స్ మేడమ్, ఇవ్వకపోతే నష్టం లేదు, ఇస్తే అద్దె ఎక్కువ అడగవచ్చు" అన్నాడు. అడిగాను. మామూలుగా వచ్చే అద్దె కంటే మూడు వేలు ఎక్కువ చెప్పాను. బెంగుళూరు ఆనవాయితీ ప్రకారం పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకున్నాను. మన తెలుగు పిల్లలకైతే ఆరు నెలలకు దిగివచ్చేదాన్ని. తరువాత మా వాడు చెబితే తెలిసింది, జర్మనీలో డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదట. అదీ కరెంటు, నీళ్ళు, గది వెచ్చదనం ఖర్చులు కలపని అద్దెకు మూడింతలు. వాళ్ళు నిజంగానే దానిని 'చల్లని అద్దె' అంటారు. వాడు ఆ లెక్క చెప్పినప్పుడు నేను మాట మార్చాను.

వచ్చినవాళ్ళు ఇద్దరు అమ్మాయిలు, వరసకు అక్కచెల్లెళ్ళు. పెద్దమ్మాయి అప్పటికే ఇక్కడ బీకాం రెండవ సంవత్సరం చదువుతోంది. చిన్నమ్మాయి బీఫార్మసీలో చేరడానికి కంపాలా నుంచి సెప్టెంబరు 25న దిగింది. ఉగాండా నుంచి వచ్చేవారు పచ్చజ్వరం టీకా పత్రం విమానాశ్రయంలో చూపించాలి, లేకపోతే విడిగా ఉంచేస్తారు. ఆ పసుపు రంగు చిన్న పుస్తకాన్ని ఆమె పాస్‌పోర్టు కంటే భద్రంగా దాచుకుంది. మా ఇంటికి వచ్చిన మొదటి రోజే ఆమె, "ఆంటీ, ఫారం సి" అని అడిగింది. చూద్దాం అన్నాను.

ఫారం సి అంటే ఏమిటో నాకు తెలియదని చెబితే నమ్మశక్యంగా ఉండదు గానీ, పూర్తిగా తెలియదు. విదేశీయులకు బస ఇచ్చినవారు, హోటలు అయినా ఇల్లు అయినా, 24 గంటలలోగా ఆ సంగతిని ఆన్‌లైనులో ప్రభుత్వానికి తెలియజేయాలి. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చిన విద్యార్థి దిగిన 14 రోజులలోగా విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయంలో, అంటే అందరూ అనే ఎఫ్ఆర్ఆర్ఓలో, నమోదు కావాలి. 2018 నుంచి ఆ దరఖాస్తు కూడా ఆన్‌లైనులోనే పెట్టుకోవచ్చు. కానీ దానికి కాలేజీ ఇచ్చే బోనఫైడ్ పత్రం, అద్దె ఒప్పందం, ఇంటి యజమాని పంపిన ఫారం సి కావాలి. పేరు మారింది, దేశం మారింది, ముడి మాత్రం అదే చోట పడింది.

నేను జాప్యం చేయడానికి కారణం బద్ధకం ఒక్కటే అయితే ఇక్కడ రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఫారం సి పంపితే పోలీసులు ఇంటికి వస్తారేమోనని మా ఆయన అన్నారు. ఎదురింటాయన ఇంకొంచెం ముందుకు వెళ్ళి, ప్రభుత్వం దగ్గర పేరు పడితే అద్దె ఆదాయం లెక్క అడుగుతారని హెచ్చరించాడు. మేము అద్దెను ఆదాయపు పన్ను లెక్కల్లో చూపిస్తున్నవాళ్ళమే. అయినా ఆ మాట విన్న తరువాత జిరాక్సుల మీద దినపత్రిక పడింది, దాని మీద మరొకటి పడింది. ఈ ఊళ్ళో చాలామంది యజమానులు విదేశీ విద్యార్థులకు ఒప్పందం రాసి ఇవ్వకుండా నోటిమాట మీద ఇల్లు ఇవ్వడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. అద్దె నగదుగా కావాలి, కాగితం మాత్రం ఉండకూడదు. మా వాడికి గది ఇచ్చిన జర్మనీ కుర్రవాడికీ మనవాళ్ళకూ ఇందులో తేడా ఏమీ లేదు.

ఆ ఫోను వచ్చిన మర్నాడు ఉదయమే జిరాక్సులు బయటికి తీశాను. అమ్మాయి దిగి అప్పటికి పదకొండు రోజులు. ఇందులో నా మంచితనం ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ నేను ఆలస్యం చేస్తే అక్కడ మా వాడికి తగులుతుందనే ఒక పిచ్చి భయం, తల్లులకు ఉండే మూఢత్వం, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

కూర్చున్న తరువాత గంటలో అయిపోతుందనుకున్న పని రెండు రోజులు పట్టింది. యజమానిగా నేను ముందు నమోదు కావాలి. ఒప్పందం మీద మా ఇంటి పాత నంబరు ఉంది, పన్ను రసీదు మీద కొత్త నంబరు ఉంది. కరెంటు బిల్లు ఇంకా మా మామగారి పేరునే వస్తోంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. బెంగుళూరులో సొంత ఇల్లు ఉన్న నా బోటివారికి ఇవి మామూలు విషయాలు, ఎప్పుడో ఒకప్పుడు మార్పిద్దామని వాయిదా వేసుకునే పనులు. ఆ వాయిదాల బరువు పరాయి దేశం నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్ల మీద పడుతుందని ఎప్పుడూ తోచలేదు. చిరునామా పత్రాలు ఒకదానితో ఒకటి సరిపోకపోవడంతో అమ్మాయిని శాంతినగర్ బస్టాండు భవనంలోని కార్యాలయానికి స్వయంగా రమ్మన్నారు. తప్పు నాది కనుక నేనూ వెంట వెళ్ళాను. మా మామగారి మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, ఇంటి ఆస్తి ఖాతా నకలు అన్నీ సంచిలో పెట్టుకుని వెళితే, అక్కడి ఉద్యోగిని వాటిని ఓపికగా చూసి, ఒక డిక్లరేషను రాయించుకుని పంపించింది. గడువు చివరి రోజున పని పూర్తయింది.

ఆ రోజు అమ్మాయికి కాలేజీలో ప్రయోగశాల తరగతి పోయింది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. బీఫార్మసీలో ప్రతి విషయంలోనూ 80 శాతం హాజరు ఉండాలని ఫార్మసీ కౌన్సిల్ నిబంధన. కాగితాల కోసం తిరిగిన రోజులు, బ్యాంకుకు వెళ్ళిన రోజులు, ఆలస్యంగా చేరడం వలన పోయిన రోజులు కలిపితే, మొదటి సెమిస్టరులోనే ఆమె హాజరు అంచుకు వచ్చింది. హాజరు తగ్గితే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే సంవత్సరం పోతుంది, సంవత్సరం పోతే కాలేజీ ఇచ్చే బోనఫైడ్ పత్రం చిక్కుల్లో పడుతుంది, అది లేకపోతే వీసా పొడిగింపు లేదు. చదువు కోసం తెచ్చుకున్న కాగితాలను నిలబెట్టుకోవడానికి చదువు మానుకుని తిరగవలసి రావడం ఈ పిల్లల జీవితంలోని అసలు వింత.

బ్యాంకు మాట వచ్చింది కాబట్టి నా పాత పాపం ఒకటి ఒప్పుకోవాలి. విదేశీ విద్యార్థులు మన దేశంలో ఎన్ఆర్ఓ ఖాతా, అంటే ఇక్కడి స్థిరనివాసులు కానివారి కోసం ఉండే ఖాతా, తెరవవచ్చు. పాస్‌పోర్టు, వీసా, ఫోటో, కాలేజీ ప్రవేశ పత్రం చూపిస్తే ఖాతా తెరిచి, స్థానిక చిరునామా ఆధారాన్ని 30 రోజులలోగా తీసుకోవచ్చునని రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. ఆ 30 రోజులూ ఖాతాలో లావాదేవీలు నిర్ణయించిన హద్దులు దాటకుండా చూసుకుంటే చాలు. ఈ వెసులుబాటు ఉన్నదని కౌంటరులో కూర్చున్న నాకు తెలుసు. అయినా ఎంతమందిని "అడ్రస్ ప్రూఫ్ తీసుకుని రా" అని వెనక్కి పంపానో లెక్కలేదు. వెసులుబాటు వాడుకుంటే ఆ ఖాతా మీద నెల తరువాత నేనే గుర్తుపెట్టుకుని కాగితం అడగాలి. వెనక్కి పంపితే ఆ బాధ ఉండదు. నిబంధనలో దయ ఉన్నా అది కౌంటరు దాకా వచ్చేసరికి ఆవిరైపోవడానికి దుర్మార్గులు అవసరం లేదు, నాలాంటి జాగ్రత్తపరులు చాలు. మేడ మీద అమ్మాయిని నేను పనిచేయని బ్యాంకు శాఖ ఒకటి మూడుసార్లు తిప్పింది. మూడవసారి నేను వెంట వెళ్ళి ఆ నిబంధన సంగతి గుర్తుచేశాను. నన్ను చూసి వాళ్ళు పాత ఉద్యోగి చాదస్తం అనుకుని ఉంటారు. ఖాతా మాత్రం తెరిచారు.

ఖాతా లేని ఆ ఆరు వారాలు ఆమె చేతిలో ఉన్నది నగదు మాత్రమే. ఈ ఊళ్ళో కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా క్యూఆర్ పలక వేలాడుతూ ఉంటుంది. ఐదు వందల నోటు ఇస్తే చిల్లర లేదంటారు. బస్సులో ఇంకో తమాషా జరిగేది. 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం కింద కర్ణాటక మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం కాబట్టి, కండక్టరు బస్సు నిండా ఉన్న ఆడవాళ్ళకు డబ్బు తీసుకోకుండా టికెట్లు ఇచ్చుకుంటూ వచ్చి, ఈమె దగ్గర మాత్రం చెయ్యి చాపేవాడు. నిబంధన ప్రకారం అది సరైనదే. అందరి కళ్ళూ ఒక్కసారిగా తన మీదికి తిరగడం ఎలా ఉంటుందో ఆమె నవ్వుతూ చెప్పింది గానీ, రెండు నెలల తరువాత కాలేజీకి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఇక చదువు. ఇక్కడ మా వాడి కష్టమూ ఆమె కష్టమూ ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు. ఆమె కాలేజీలో ప్రతిదానికీ హాజరు, ప్రతిదానికీ రికార్డు పుస్తకం, ప్రతి నెలా ఏదో ఒక పరీక్ష. మా వాడు చేరిన చోట తరగతికి వచ్చావా లేదా అని అడిగే దిక్కు లేదు; సెమిస్టరు చివర ఒక్క పరీక్ష, దాని మీదే మొత్తం మార్కు. ఆ పరీక్షకు కూడా ఎవరికి వారు గడువులోగా పేరు నమోదు చేసుకోవాలి. ఒక విషయంలో సాధారణంగా మూడు ప్రయత్నాలు. మూడూ పోతే ఆ కోర్సు నుంచి బయటికి పంపేస్తారు. మార్కుల కొలత కూడా తిరగేసి ఉంటుంది, 1.0 అన్నిటికంటే గొప్పది, 4.0 కనీస ఉత్తీర్ణత, 5.0 తప్పడం. ఇక్కడి లెక్కలో పదికి ఎనిమిదిన్నర తెచ్చుకున్న మా వాడు అక్కడి కొలతలో రెండుకు దగ్గరగా వచ్చాడు. మొదటి సెమిస్టరులో ఒక విషయంలో 3.7 వచ్చిందని వాడు నీరసంగా చెబితే, మా ఆయన నాలుగుకు అనుకుని వీధిలో ఇద్దరికి మిఠాయి పంచారు. వాడు ఆయనను సరిదిద్దలేదు. అంచున గట్టెక్కానని నాకు మాత్రం నెల తరువాత చెప్పాడు.

ఎందుకలా అయిందని అడిగితే వాడు చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. ప్రొఫెసరు వారానికి ఒక గంట విద్యార్థుల సందేహాల కోసమే కేటాయించి గది తలుపు తెరిచి కూర్చునేవాడట. సెమిస్టరు మొత్తంలో మా వాడు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. సందేహం అడగడం అంటే తెలియదని ఒప్పుకోవడమని, తెలియదని ఒప్పుకుంటే ఆయన దృష్టిలో పలచబడతామని మన బడులు వాడికి పన్నెండేళ్ళ పాటు నేర్పాయి. జర్మన్ విద్యార్థులు మాత్రం చాలా చిన్న ప్రశ్నలు కూడా మొహమాటం లేకుండా అడిగి వచ్చేవారట. మేడ మీద అమ్మాయిది ఇంకో రకం ఇబ్బంది. ఆమె ఇంగ్లీషు మా అందరి ఇంగ్లీషు కంటే ధారాళం. కానీ అధ్యాపకులు కఠినమైన చోటు రాగానే మిగిలిన తరగతి కోసం కన్నడంలోకి మారిపోతారు. అర్థం కావలసిన ఘట్టంలోనే అర్థం కాని భాష వినిపిస్తుంది. అడిగితే మళ్ళీ చెబుతారట, కానీ ప్రతిసారీ అరవైమందిని ఆపి అడగడానికి ఆమెకు మనసొప్పదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దానిలో రహస్యం లేదు. మా వాడు వీసాకు ముందే, అప్పటి నిబంధన ప్రకారం 11,208 యూరోలు, సుమారు 10 లక్షల రూపాయలు, నెలకు 934 చొప్పున మాత్రమే విడుదలయ్యే ఖాతాలో కట్టి వెళ్ళాడు. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904కు పెరిగింది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఫీజు తీసుకోవు గానీ, వాడు చేరిన బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటివారి దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. ఈ ముక్క వెళ్ళే ముందు ఏజెంటు చెప్పలేదు. అక్కడ విద్యార్థులు సంవత్సరానికి 120 పూర్తి రోజులు పనిచేసుకునే వీలుండేది, 2024 మార్చి నుంచి అది 140 అయింది. మన దేశం విద్యార్థి వీసా మీద వచ్చినవారిని అలా బయట ఉద్యోగం చేసుకోనివ్వదు. కాబట్టి కంపాలాలో షిల్లింగు విలువ పడిపోయిన నెలలో ఈ అమ్మాయిలు చేయగలిగినది ఒక్కటే, తిండి తగ్గించడం.

తిండి అన్నాను గనుక ఒక మాట. వాళ్ళు మొక్కజొన్న పిండిని మరిగే నీళ్ళలో పోసి కట్టెతో కలియబెట్టి గట్టిగా చేసి, దానిని పోషో అంటారు. మొదటిసారి ఆ వాసన మెట్ల మీద తగిలినప్పుడు నేను మా అమ్మమ్మ వంటింట్లో ఉన్నాననుకున్నాను. రాగి బదులు మొక్కజొన్న, అంతే, అది సంగటే. చెనక్కాయలు వేయించి నూరి చేసే పులుసు కూడా వాళ్ళకు ఉంది. నేను ఊరుబిండి పంపితే వాళ్ళు ఆ పులుసు పంపారు. పరాయి తిండి అని మేడ మీద వంట గురించి ఫిర్యాదు చేసిన పక్కింటావిడకు ఒక గిన్నెలో పెట్టి, ఇది మదనపల్లెదో కంపాలాదో చెప్పమన్నాను. ఆవిడ మదనపల్లెది అంది.

అయితే అన్నీ గిన్నెతో తీరేవి కావు. 2016 జనవరి 31న ఈ ఊరి శివార్లలోని సోలదేవనహళ్ళిలో, ఒక సూడాన్ విద్యార్థి కారు ప్రమాదంలో ఒక స్త్రీ చనిపోయిన తరువాత, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థినిపై గుంపు దాడి చేసి ఆమె వచ్చిన కారును తగలబెట్టింది. ఇక్కడివాళ్ళు ఆ సంగతి దాదాపు మరచిపోయారు. కంపాలాలోని అమ్మాయి తల్లి మరచిపోలేదు. వీడియో కాల్‌లో మొదటిసారి నాతో మాట్లాడినప్పుడు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, మీ వీధి ఆ ఊరికి ఎంత దూరం అని. నేను కిలోమీటర్లు చెప్పాను. ఆవిడకు కావలసిన జవాబు అది కాదని తెలుసు, కానీ నా దగ్గర వేరే జవాబు లేదు. మా వాడు కూడా అక్కడ ఎనభైకి పైగా ఇళ్ళకు ఉత్తరాలు రాస్తే తొమ్మిదింటికి జవాబు వచ్చింది. ఇంటిపేరు చూసి వదిలేస్తారని వాడి నమ్మకం. వాడి కష్టాన్ని తక్కువ చేయను. జవాబు రాకపోవడం వేరు, చీకటి పడిన తరువాత వీధి చివర దుకాణానికి వెళ్ళడానికి ఇద్దరు తోడు కావలసి రావడం వేరు.

2024 జూలైలో నగరమంతా డెంగీ వ్యాపించినప్పుడు చిన్నమ్మాయికి జ్వరం వచ్చింది. వాళ్ళ దేశంలో జ్వరం అంటే మలేరియానే కనుక తెచ్చుకున్న మాత్రలు మూడు రోజులు వేసుకుంది. నాలుగవ రోజు పెద్దమ్మాయి కిందికి పరుగెత్తుకు వచ్చింది. దగ్గరలోని ఆసుపత్రిలో, విదేశీయురాలని తెలియగానే ముందుగా లక్ష రూపాయలు కట్టమన్నారు. నేను కట్టాను, నెలలో వాళ్ళ నాన్న పంపించారు. జర్మనీలో ఆరోగ్య బీమా లేనిదే విద్యార్థిని చేర్చుకోరు, నెలకు 120 యూరోలకు పైగా పోతున్నాయని మా వాడు సణుగుతూ ఉండేవాడు. ఆ సణుగుడు నాకు ఆ రాత్రి ఆసుపత్రి కౌంటరు దగ్గర గుర్తుకువచ్చింది.

కోలుకుంటున్న సమయంలో ఆమె నన్ను అడిగినది ఒక్కటే, అమ్మకు చెప్పవద్దని. ఆ సాయంకాలమే ఆవిడ నుంచి కాల్ వచ్చింది. అమ్మాయి మంచం మీద దిండ్లు పెట్టుకుని కూర్చుని, సెలైను గుచ్చిన చెయ్యి కనబడకుండా ఫోను పట్టుకుని, పరీక్షలు దగ్గరపడ్డాయని, అందుకే గొంతు అలసటగా ఉందని చెప్పింది. నేను పక్కనే కూర్చుని తల ఊపాను. ఆ తల్లిని మోసం చేశానా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఇంటికి వచ్చి మా వాడి పాత కాల్స్ అన్నీ నెమరు వేసుకున్నాను. 2023 డిసెంబరులో ఒక పది రోజులు వాడు వీడియో పెట్టకుండా మాటలు మాత్రమే మాట్లాడాడు, నెట్ సరిగా లేదన్నాడు. ఆ పది రోజుల గురించి నేను ఇంతవరకు అడగలేదు.

మా వాడికి చివరకు ఊరి బయట ఒక వృద్ధురాలి ఇంట్లో గది దొరికింది. ఆవిడ తాళంచెవి ఇస్తూనే ఆ కాగితం కూడా చేతిలో పెట్టిందట. పేరు నమోదైన తరువాత వాడికి వచ్చిన మొదటి ఉత్తరం రేడియో, టీవీ చందా వారిది, నెలకు 18.36 యూరోలు కట్టమని. ఊళ్ళో తన ఉనికిని గుర్తించిన మొదటి సంస్థ అదేనని వాడు ఆ ఉత్తరాన్ని ఫోటో తీసి పంపాడు. మొదటి పదకొండు నెలల ఒప్పందం ముగిసినప్పుడు నేను మేడ మీద వాటా అద్దెలో ఆ మూడు వేలు తగ్గించి, అడ్వాన్సులో ఆరు నెలలది అద్దె కింద సర్దుబాటు చేశాను. కరెంటు బిల్లు ఇప్పుడు నా పేరున వస్తోంది.

2025 సెప్టెంబరు 1 నుంచి విదేశీయుల చట్టం కొత్తది వచ్చింది, 1946 నాటి పాతది పోయింది. బస ఇచ్చినవారు తెలియజేయాలన్న బాధ్యత మాత్రం అలాగే ఉంది. పెద్దమ్మాయి చదువు పూర్తిచేసుకుని వెళ్ళిపోవడంతో చిన్నమ్మాయి గదిలో ఒక చోటు ఖాళీ అయింది. మొన్న అదే బ్రోకరు ఫోను చేసి, "రువాండా నుంచి ఒక అమ్మాయి వచ్చింది మేడమ్, అద్దె ఎంత చెప్పమంటారు?" అని అడిగాడు. ఏ తేదీన దిగిందో కనుక్కోమన్నాను.